పాయింట్ల ఫొటోలు

మే 18, 2021

ఎండ. పడమర గాలి, నోట్లో దుమ్ము. చేపల వేట నిషేధంలో ఇది ముప్పై నాలుగో రోజు. పొద్దున్న ఆరింటికి హార్బరుకి పోయి బోటు అడుగు గీకాం. డ్రైవర్ని నేను, గంగరాజు, వల లాగే కలాసీలు ఇంకో ఇద్దరు. ఎడమ వైపు అయింది. కుడి వైపు గుల్ల మందంగా పట్టి ఉంది, రెండు రోజులు పడుతుంది. పదకొండున్నరకి పోలీసులు ఈల వేశారు. పన్నెండు నుంచి కరోనా కర్ఫ్యూ.

ఇంటికొచ్చి చూస్తే ఫోనులో మళ్లీ అదే నోటీసు. ఇంగ్లీషు. ఇది నాలుగోసారి. ఫొటోలు, జూన్ 1 అన్న రెండు ముక్కలు తెలిశాయి. మిగతా అక్షరాలు మరీ చిన్నవి.

గంగరాజుని అడగొచ్చు. నా భార్య రాధ తమ్ముడే, ఇంటర్ దాకా చదివాడు. అడగలేదు.

మే 19

కుడి వైపు సగం. గాలి లేదు. పదకొండింటికి ఫోను షాపు శివరామకృష్ణ దగ్గరికి వెళ్లాను. సగం షట్టరు దించి కూర్చున్నాడు.

"ఫ్రీ కట్టయిపోతంది మావా. ఇన్నాళ్లూ ఎన్ని ఫొటోలైనా పైన, ఆడి కంప్యూటర్లలో దాసుకోనిచ్చినాడు కంపెనీవోడు. ఒకటో తారీకు నుంచి నెలనెలా కట్టాల."

"కట్టకపోతే?"

"అద్దె కట్టనోడి సామాను ఇంటోడు ఏటి సేత్తాడు? వీధిలో పడీడా?"

"పాతవి కూడా పోతాయేటి?"

"పోవచ్చు. నాకేటి తెల్సు, నాను షాపోణ్ణి. నీ బేంకు కార్డు నంబరు కొట్టీ, కట్టీ, నిద్దరోతావు."

కార్డు నంబరు కొట్టడం కుదరదు. పోయినేడు మా వీధిలో ఒకావిడ ఫోనులో నంబరు చెప్పి నిషేధం భృతి మొత్తం పోగొట్టుకుంది.

పోవచ్చు అన్నాడు. పోతాయి అనలేదు.

మే 20

ఎన్ని ఉన్నాయో కూర్చుని లెక్కపెట్టాను. ఇంట్లోవాళ్లవి కాక ఆరువందల పన్నెండు.

అన్నీ బోటులోని జీపీఎస్ తెర ఫొటోలే. ఎక్కడ దించితే రొయ్య పడింది, ఎక్కడ చందువ, ఎక్కడ అడుగున రాయి, ఎక్కడ మునిగిన ఓడ ఇనుము. ఫొటో తీసిన వెంటనే జీపీఎస్‌లోది చెరిపేస్తాను. బోటు గురునాథరావు గారిది, జీపీఎస్ కూడా ఆయనదే. పాయింటు నాది. ఈ హార్బరులో ఏ డ్రైవరైనా అంతే. బోటు మారినప్పుడు చొక్కా, పాయింట్లు పట్టుకుని దిగుతాడు. పాయింట్లు లేని డ్రైవరు కలాసీయే.

మునుపు పుస్తకంలో రాసేవాణ్ణి. నాకు పని నేర్పినాయన పద్ధతి ప్రకారం చివరి రెండంకెలు తిరగేసి రాసేవాణ్ణి. పుస్తకం ఎవడైనా కొట్టేసినా వాడి వల వంద గజాలు అటో ఇటో పడుతుంది. ఇనుము పక్కన లాగాల్సిన వల ఇనుము మీదికే పోతుంది. పెద్ద తుఫానుకి బోటుతో పాటు ఆ పుస్తకం మునిగింది. పందొమ్మిదేళ్ల రాత. అప్పటి నుంచి ఫోను. ఫోను నీళ్లలో పడ్డా ఫొటోలు పైన ఉంటాయని ఇదే శివరామకృష్ణ చెప్పాడు. రెండుసార్లు ఫోను పోయింది కూడా. ఫొటోలు తిరిగొచ్చాయి.

ఫొటోలో అంకెలు తిరగేయడానికి ఉండదు. ఉన్నది ఉన్నట్టు.

మే 21

పోతాయి.

మే 22

కొత్త నోటుపుస్తకం కొన్నాను. మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని ఫొటోలు చూసి రాయడం మొదలుపెట్టాను. ముప్పై ఒకటి అయ్యాయి. వెలుతురు చాలలేదు.

అమ్మ చేపలు ఎండేసి వచ్చి పక్కన కూర్చుంది. "మీ బాబుకి ఏ ఫోనుందిరా? కొండ మీద లైటూ, దానెనక సింహాచలం కొండా ఒక్క తాడు మీదకొచ్చీదాకా తెడ్డేసీవోడు. వొచ్చినాక వల దించీవోడు. ఆ కొండ ఎవుడు సెరిపీగలడు?"

"నాను నలభై మైళ్లు పోతానమ్మా. అక్కడికి కొండ అగుపడదు."

"నలభై మైళ్లెందుకు. నిన్న కాపీ గలాసు బల్ల మీద పెట్టినాననుకున్నావు. గాల్లో పెట్టినావు."

రాధ వంటింట్లోంచి నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

గలాసు తడిగా ఉంది. కళ్లు బాగానే ఉన్నాయి.

మే 24

ఆకాశం మూసుకుంది. తుఫాను హెచ్చరిక. బోట్లన్నిటికీ రెండేసి తాళ్లు కట్టాం. రాత పని జరగలేదు. ఫోను ప్లాస్టిక్ కవరులో చుట్టి రొమ్ము దగ్గర పెట్టుకున్నాను.

తాడు ముడేస్తూ గంగరాజు అడిగాడు. "ఏటి బావా, రోజూ ఆ ఫోను ముక్కుకి ఆనించుకుని సదువుతన్నావంట. మా అప్పకి సవితిని సూత్తన్నావేటి?"

"నీకే సూత్తన్నాను, పెళ్లికూతుర్ని."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే వాడు అన్నాడు, ఆదివారం గురునాథరావు గారు వాణ్ణి పిలిచి ఒక్కడివే బోటు నడపగలవా అని అడిగారట.

"ఏటన్నావు?"

"బావ ఉండగా నాకెందుకండీ అన్నాను."

వాడు మంచివాడే. నేను నేర్పినవాడే.

మే 26

తుఫాను ఒడిశా వైపు పోయింది. ఇక్కడ గాలి, కొద్దిగా వాన.

నూట పన్నెండు రాశాను. సరిచూద్దామని మొదటి నుంచి మొదలుపెడితే ఒకే ఫొటో రెండుచోట్ల రాసినట్టు తేలింది. ఒకచోట చివర 38. ఇంకోచోట 83. ఫొటో పెద్దది చేసి మూడోసారి చూస్తే 33 లాగుంది.

ఫొటో మసక.

అది ఓడ ఇనుము పాయింటు. మూడేళ్ల కింద ఒక బోటు ఆ ఇనుముకే వల చిక్కి, తాడు కోసేలోపు అల మీద ఒరిగిపోయింది. ఇద్దరు దొరకలేదు. ఆ రోజు మేం అర మైలు దూరంలో ఉన్నాం.

మే 27

ఇంకా అయిదు రోజులు. అయిదువందల ఫొటోలు. ఇలా రాస్తే కుదరదు.

దేవిశ్రీ గుర్తొచ్చింది. గురునాథరావు గారి అమ్మాయి, దువ్వాడలో ఇంజనీరింగు ఆఖరేడు. ఇంట్లో కంప్యూటరుంది. నా టీకా పేరు ఆ పిల్లే ఎక్కించింది. బోటు సంగతులు పట్టించుకోదు. చేప వాసనకి ముక్కు మూసుకుంటుంది. వ్యవసాయం ఇంటి పిల్ల, పాయింటంటే ఏమిటో కూడా తెలియదు.

గురునాథరావు గారు రేపు పొలం దుక్కికి పద్మనాభం పోతారు. మొన్న హార్బరులో అన్నారు.

రాధకి చెప్పలేదు.

మే 28

ఆరున్నర బస్సుకి దువ్వాడ. ఎండ అప్పటికే మొదలైంది. దేవిశ్రీ వరండాలో కుర్చీ వేసింది, మాస్కు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఫోను తీసుకుని నోటీసు మొత్తం ఒక్క చూపులో చదివేసింది.

"పాతవేం పోవు బాబాయ్. ఒకటో తారీకు తర్వాత తీసినవే లెక్కలోకొస్తాయి. ముందువన్నీ ఎలాగున్నవి అలాగే ఉంటాయి."

"షాపాయన పోతాయన్నాడే."

"ఆయన సరిగ్గా చదివుండడు."

పది రోజుల నుంచి గుండెల మీదున్నది దిగింది. మంచినీళ్లు అడిగి తాగాను. అప్పుడు లేచి వచ్చేయాల్సింది.

ఆ పిల్ల నా నోటుపుస్తకం తిరగేస్తోంది. ఫోను పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి చూసింది.

"బాబాయ్, ఇది నలభై మూడు కాదు, నలభై ఎనిమిది. ఇది కూడా తప్పే. ఇది..." ఇరవై చూసి ఆగింది. "ఇరవైలో పన్నెండు తప్పులున్నాయి."

నేను మంచినీళ్ల గలాసు కింద పెట్టాను.

"మీకు కళ్లద్దాలు లేవా?"

"ఉన్నాయి. ఇంటి కాడ."

"ఎప్పుడూ పెట్టుకోగా చూడలేదు."

"నాన్నగారికి సెప్పకు సిన్నమ్మా."

"ఏది? ఫొటోల సంగతా, కళ్లద్దాల సంగతా?"

"రెండూ."

తల ఊపింది. తనే అంది, "ఇవన్నీ పెద్ద అంకెల్లో టైపు చేసి అచ్చు తీసిస్తాను. దూరం నుంచైనా చదువుకోవచ్చు. మూడు రోజులు పడుతుంది."

సరే అన్నాను. ఫొటోలన్నీ కంప్యూటరులోకి ఎక్కించుకుంది. నోటుపుస్తకం కూడా ఉంచుకుంది.

పెద్ద అంకెలైతే వేటలో సుఖం. కళ్ల కోసం కాదు.

మే 29

ఫొటోలు పోవు. బాగుంది.

కంప్యూటరు గురునాథరావు గారింట్లో ఉంది.

మే 31

బోటుకి మొదటి పూత రంగు. నీలం. వాసనకి తల తిరిగింది.

దేవిశ్రీ నుంచి కబురు లేదు. పదింటికి నేనే ఫోను చేశాను. గురునాథరావు గారు ఎత్తారు.

"ఎవరూ, దుర్గారావా? పిల్లకి పరీక్షలు. నీ కాగితాలు రెడీ అయిపోతన్నాయి, బెంగెట్టుకోకు."

నీ కాగితాలు అన్నారు.

జూన్ 1

ఒకటో తారీకు. ఫొటోలు ఉన్నాయి. ఆరువందల పన్నెండు. రెండుసార్లు లెక్కపెట్టాను.

జూన్ 4

ఎండ, ఉక్క. గురునాథరావు గారు తొమ్మిదింటికి కారులో హార్బరుకి వచ్చారు. చేతిలో పుస్తకం. ప్రతి కాగితానికీ ప్లాస్టిక్ తొడుగు, పక్కన రింగులు. అందరి ముందూ నా చేతిలో పెట్టారు.

"సూడు, మా అమ్మాయి ఎంత బాగా సేసిందో. వానకి తడవదు."

తెరిచాను. అంకెలు బొటనవేలంత ఉన్నాయి. అన్నీ కనిపించాయి. పక్కనే రొయ్య, రాయి, ఇనుము అని తెలుగులో.

"ఇంకోటి బోటులో ఉంచుదాం," అన్నారు. కారులోంచి అలాంటిదే ఇంకోటి తీసి గంగరాజుకి ఇచ్చారు. "కాలం బాగులేదు. ఎవుడికెప్పుడు ఏటవుద్దో తెల్దు. మా పద్మనాభంలో నారు ఒక్క మడిలోనే పోత్తామేటి? ఒకటి కుళ్లినా ఇంకోటుంటాది. నీకేటైనా అయితే బోటు ఆగకూడదు కదా."

గంగరాజు పుస్తకం తెరవలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, వేడి గిన్నె పట్టుకున్నట్టు.

అనాల్సినవన్నీ ఇంటికొచ్చాక గుర్తొచ్చాయి.

జూన్ 5

దేవిశ్రీ ఫోను చేసింది. "నేను చెప్పలేదు బాబాయ్. ప్రింటరు నాన్నగారి గదిలో ఉంటుంది. అచ్చు వస్తుంటే చూశారు. ఇదేమిటన్నారు. బోటు నంబర్లన్నాను." తర్వాత అంది, "ఆ నోటుపుస్తకం కూడా అక్కడే ఉండిపోయింది."

పరవాలేదమ్మా అన్నాను.

ఆ తప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్దింది ఆ పిల్ల. ఆ రోజు నేను చూశాను, ఇప్పుడు ఆయనా చూసుంటారు.

జూన్ 6

రాధతో మాట్లాడాలని కూర్చుంటే ఆవిడే మొదలుపెట్టింది. అప్పటికే అన్నీ తెలుసు, తమ్ముడు చెప్పాడు.

"నాకు సెప్పకండా దువ్వాడ ఎల్లినావు."

"నీకు సెప్తే ఏటి సేసీదానివి?"

"ఎల్లొద్దనీదాన్ని. నివ్వు ఎల్లీవోడివి. అంతే కదా." చేపలు తోముతూనే ఉంది. "ఓటి సెప్పు. పరాయోడు ఎవుడో ఆ బోటెక్కీ కన్నా నా తమ్ముడెక్కడం నయం కాదేటి?"

"నా బోటు అది."

"గురునాథరావుది. నివ్వూ నానూ దాన్ని కడిగినాం, అంతే." తర్వాత గొంతు తగ్గించి, "కళ్ల డాక్టరు దగ్గరికి పద."

ఇక్కడ రాయని సంగతి ఒకటుంది. జనవరిలోనే వెళ్లాను. రెండు కళ్లకీ శుక్లాలు అన్నారు. ఆపరేషను అంటే రెండు నెలలు సముద్రం మీదికి పోకూడదన్నారు. రెండు నెలలు దిగితే బోటు ఇంకొకడిదవుతుందని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చేయించుకుందామన్నా చేయడం లేదు. ఆస్పత్రుల్లో వేరే రోగులు. ఆగస్టు తర్వాత చూడమంటున్నారు.

జూన్ 9

మబ్బు. బోటు నీళ్లలోకి దింపి రెండు రోజులైంది. ఈరోజు ఇంజను పరీక్ష. కాలవ బయటి దాకా నడిపాను. చక్రం నా చేతిలోనే ఉంది. గురునాథరావు గారు పక్కన నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ బోటెక్కరు. కడ్డీ గట్టిగా పట్టుకున్నారు.

ఎదురుగా ఒక బోటు వస్తోంది.

"దుర్గారావూ, ఆ బోటు నంబరెంత?"

ఇంజను చప్పుడు విన్నాను. రెండో సిలిండరు తడబడుతోంది. "గుణశేఖర్ బోటండీ. ఇంకా రింగులు మార్పించనేదు."

దగ్గరికొచ్చింది. గుణశేఖర్ బోటే. గుణశేఖర్ చెయ్యి ఊపాడు. కలాసీలు నవ్వారు, భలే అన్నారు.

గురునాథరావు గారు నవ్వలేదు. "పేరడగనేదు. నంబరడిగినాను."

బోటు గట్టుకి కట్టాక పక్కకి పిలిచి చెప్పారు. ఈసారికి గంగరాజు నడుపుతాడు. నువ్వు కూడా బోటులో ఉండు, కలాసీగా, వాడికి తోడుగా. కళ్లు బాగయ్యాక చూద్దాం. ఏడుగురి ప్రాణాలు, కాదనకు.

కాదన్నాను. ఆరేళ్లు నడిపిన బోటులో వల లాగనన్నాను.

జూన్ 10

ఇంట్లోనే ఉన్నాను.

జూన్ 11

ఈరోజు నుంచి కర్ఫ్యూ రెండింటికి. ఒంటిగంటకి గంగరాజు వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర కూర్చుని ప్లాస్టిక్ పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. చెమటకి అట్ట జారుతోంది.

"బావా, ఓటడుగుతాను, కోప్పడకు. పాత పుస్తకంలో నివ్వు ఆఖరి అంకెలు తిరగేసి రాసీవోడివని హార్బరులో అంటారు."

"అంటే?"

"సిన్నమ్మ నీ నోటుపుస్తకం కూడా సూసి కొట్టిందంట. ఇవి తిరగేసినవా, ఉన్నవి ఉన్నట్టా? నాకు తెల్దు. నివ్వు సెప్తేనే తెలుత్తాది."

వాడి ముఖం నాకు మసకగా ఉంది. రాధ ముక్కే వాడిది కూడా. అది మాత్రం కనిపించింది.

తిరగేసినవే అన్నాను. ఆఖరి రెండంకెలు తిప్పి చదువుకో అన్నాను.

వాడు నా కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లాడు.

జూన్ 12

ఒక్క వేట వల చిరిగితే చాలు. వాడికి రాదని తేలుతుంది. గురునాథరావు గారు మళ్లీ నా దగ్గరికే వస్తారు. వల చిరగడమే కదా. వల కుట్టుకోవచ్చు.

జూన్ 13

ఎండ. దక్షిణం గాలి మొదలైంది. ఐసు, డీజిలు ఎక్కిస్తున్నారని వీధిలో చెప్పుకుంటున్నారు.

రాధ హార్బరుకి పోయి వచ్చింది. నా ఫోను పట్టుకెళ్లి, చక్రం దగ్గర నిలబడ్డ తమ్ముణ్ణి ఫొటో తీసింది. తెచ్చి చూపించింది. ఒకటో తారీకు తర్వాత ఈ ఫోనులో తీసిన మొదటి ఫొటో. ఇది లెక్కలోకొస్తుంది.

"నిజం సెప్పినావంట. ఆడు ఏడ్సినాడు. మా బావ నా మీద కోపం పెట్టుకోనేదు అప్పా అన్నాడు." అన్నం పెడుతూ అంది. చేప తల నాకే వేసింది.

ఇనుము పాయింటు పుస్తకంలో తొమ్మిదో పేజీ. నలభై మైళ్ల దగ్గర మొదటి లాగుడు దాని పక్కనే ఉంటుంది. నేను ఎప్పుడూ అక్కడే మొదలుపెడతాను. ఆ సంగతి గంగరాజుకి తెలుసు. నా దగ్గర నేర్చుకున్నాడు.

చివర 38. వాడు తిరగేస్తే 83, వల ఇనుము మీదికే.

జూన్ 14

గంగరాజుకి నిజం చెప్పాలని హార్బరుకి వెళ్లాను. బోటు మీద పసుపు, పూలు, కొబ్బరికాయలు. జనం. గురునాథరావు గారు, దేవిశ్రీ కూడా వచ్చారు. ఆ పిల్ల నన్ను చూసి తల దించుకుంది. గంగరాజు అందరికీ ప్రసాదం పంచుతున్నాడు. నా చేతిలోనూ పెట్టాడు.

జనంలో చెప్పలేకపోయాను. చెబితే ఎందుకలా చెప్పావని అడుగుతారు.

గురునాథరావు గారితో మాత్రం మాట్లాడాను. కలాసీగా వస్తానన్నాను. ఆయన భుజం తట్టారు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. "వల లాగడానికి కళ్లక్కర్నేదు, సేతులు సాలు," అంది. రాధ నా చొక్కాలు రెండు సంచిలో పెట్టింది. ప్లాస్టిక్ పుస్తకం పెట్టబోతే వద్దన్నాను. బోటులో ఒకటి ఉంది.

జూన్ 15

వాన లేదు. దక్షిణం గాలి, అల నడుము ఎత్తు. బోటు వెనక భాగంలో, వల కుప్ప మీద కూర్చుని రాస్తున్నాను. కొండ మీద లైటు స్తంభం ఉన్న వైపు నుంచి అల చప్పుడు వస్తోంది. ఫోను సిగ్నలు ఇంకాసేపట్లో పోతుంది.

గంగరాజుకి ఇంకా చెప్పలేదు. మొదటి పాయింటుకి ఆరు గంటల ప్రయాణం. ఇందాక చక్రం వదలకుండానే వెనక్కి తిరిగి, "టీ తాగినావా బావా?" అని అరిచాడు. తాగానన్నాను.

మా బోటు నూకాలమ్మ పొద్దున్న ఆరూ ఇరవైకి బయలుదేరింది. డ్రైవరు గంగరాజు. కలాసీలు ఆరుగురు. ఆరోవాడు దుర్గారావు.